ఓవెన్‌లో ఉల్లి చక్రాలు

కువైట్‌లో వాన పడటమంటే చిన్న పండుగే. ఏడాది పొడుగునా కురిసినదంతా కలిపినా సగటున 110, 120 మిల్లీమీటర్లకు మించదు. మన గోదావరి జిల్లాల్లో ఒక గట్టి ముసురుకు ఆ మాత్రం వాన పడుతుంది. అదీ నవంబరుకు, ఏప్రిల్‌కు మధ్య ఎప్పుడో నాలుగు రోజులు మొహం చూపించి వెళ్ళిపోతుంది. అందుకే ఆకాశం కాస్త నల్లబడిందంటే చాలు, సాల్మియాలోనూ, అబ్బాసియాలోనూ, ఫర్వానియాలోనూ, మంగాఫ్‌లోనూ మనవాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి మీదికి మూకుడు ఎక్కుతుంది. ఆ రోజు ఏ భవనంలోనైనా మెట్లెక్కుతూ వాసన చూసి, ఏ అంతస్తులో తెలుగువాళ్ళున్నారో చెప్పేయవచ్చు.

వాన లేకపోతే మానేస్తామా? అదీ లేదు. శుక్రవారం సెలవు, చుట్టాలో స్నేహితులో వస్తారు, పకోడీలు. పిల్లల పుట్టినరోజు, పకోడీలు. సంఘం కార్యవర్గ సమావేశం ఎవరింట్లో జరిగితే వాళ్ళింట్లో పకోడీలు. ఊళ్ళో ఉన్నప్పుడు నెలకో రెండు నెలలకో ఒకసారి చేసుకున్న వస్తువు ఇక్కడికొచ్చాక వారం వారం అయింది. పైగా ఊళ్ళో నడక ఉండేది. ఇక్కడ ఇంటి నుంచి లిఫ్టు, లిఫ్టు నుంచి కారు, కారు నుంచి ఆఫీసు. ఎండాకాలంలో నడవమన్నా ఎవరు నడుస్తారు? 2016 జూలై 21న మన కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదయింది. ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని పరిశీలించి ధృవీకరించింది కూడా.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, రెండేళ్ళ క్రితం మావారికి గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. అప్పటికి ఆయనకు 51 ఏళ్ళు. సిగరెట్టు అలవాటు లేదు, మరే అలవాటూ లేదు. మరి ఎందుకొచ్చిందని డాక్టరుగారిని అడిగితే, “మీ దక్షిణాసియా వాళ్ళకు ఇది మామూలే, తొందరగా వస్తుంది” అన్నారాయన. తరువాత చదివి తెలుసుకున్నాము. ఇంటర్‌హార్ట్ అనే పేరుతో 52 దేశాల్లో జరిగిన పెద్ద పరిశోధనలో, మొదటిసారి గుండెపోటు వచ్చేనాటి వయస్సు ఇతర దేశాలవారికి సగటున సుమారు 59 ఏళ్ళు కాగా, భారతదేశం, దాని చుట్టుపక్కల దేశాలవారికి 53 ఏళ్ళేనని తేలిందట. అంటే ఆరేళ్ళు ముందు. పిల్లలు ఇంకా కాలేజీలో ఉండగానే అన్నమాట.

డాక్టరుగారు రాసిచ్చిన కాగితంలో మందుల తరువాత మొదటి మాట “వేపుళ్ళు మానవలెను” అని. సరేనన్నాము. ఆయనకు మానిపించాము. మిగతా వాళ్ళం మానలేదు. ఆ ఏడు చలికాలంలో ఒక సాయంత్రం వాన పడింది, నలుగురు వచ్చారు, పకోడీలు వేశాము. అందరి ముందూ పకోడీల పళ్ళేలు. ఆయన ముందు మాత్రం కీరాదోసకాయ ముక్కలు, రెండు మేరీ బిస్కెట్లు. మా చిన్నది ఆ పళ్ళెం వంక, ఆయన వంక చూసి, అందరి ముందూ అడిగేసింది: “అమ్మా, నాన్నకు పనిష్‌మెంటా?” అని.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నవ్వి, లేచి, ఫోను వచ్చినట్టుగా లోపలి గదిలోకి వెళ్ళారు. ఫోను ఏమీ రాలేదు.

ఆ రాత్రి మేము అనుకున్నదేమిటంటే, ఈ ఇంట్లో ఇకమీదట రెండు రకాల పళ్ళేలు ఉండకూడదు అని. అందరూ తినగలిగిందే చేయాలి, అది అందరూ ఇష్టపడి తినేదిగా ఉండాలి. ఉడకబెట్టిన శనగలు, మొలకెత్తిన పెసలు రెండు వారాలు నడిచాయి. మూడో వారానికి పిల్లలు, “కరకరలాడేది ఏమైనా చెయ్యమ్మా” అన్నారు. అప్పుడు మొదలైంది ఈ ఉల్లి చక్రాల కథ.

ఉల్లి చక్రాలంటే

ఇక్కడి హాంబర్గర్ దుకాణాల్లో ‘ఆనియన్ రింగ్స్’ అని అమ్ముతారే, అవే. మన పిల్లలకు పకోడీ కన్నా వీటితోనే పరిచయం ఎక్కువ. ఇవి అమెరికావాళ్ళ వంట అనుకుంటాము గాని, 1802లో లండన్‌లో జాన్ మోలార్డ్ అనే వంటవాడు అచ్చువేసిన పుస్తకంలోనే ఇటువంటిది ఒకటి ఉంది. ఉల్లిపాయను అరంగుళం మందాన కోసి, మీగడ, పిండి, జున్ను కలిపిన జారులో ముంచి, పందికొవ్వులో వేయించమన్నాడు. మా అత్తగారు తాడేపల్లిగూడెం మనిషి, ఉల్లిపాయల మార్కెట్టు ఉన్న ఊరు. విజిట్ వీసా మీద మా దగ్గరికొచ్చినప్పుడు మొదటిసారి వీటిని చూసి, “ఇది మన పకోడీకి దొరసాని చెల్లెలే అమ్మాయ్” అని తేల్చేశారు.

పకోడీలో ఉల్లి, పిండి ఒకదాన్ని ఒకటి పట్టుకుని ముద్దగా ఉంటాయి. చక్రంలో ఉల్లి విడిగా, పిండి విడిగా, చొక్కా తొడిగినట్టు ఉంటుంది. ఓవెన్‌కు ఈ చొక్కా పద్ధతే అనుకూలం. ఎందుకో ముందు ముందు చెబుతాము.

మూకుళ్ళు దాచుకునే అలమర

కువైట్ ఫ్లాట్లలో నాలుగైదు బర్నర్ల గ్యాస్ పొయ్యి, దాని కిందే ఓవెన్, రెండూ కలిసి ఉన్న నిలువెత్తు స్టవ్వులే ఎక్కువ. అరబ్బుల ఇళ్ళల్లో ఆ ఓవెన్‌కు తీరిక ఉండదు. మన ఇళ్ళల్లో మాత్రం అది అలమర. మా ఓవెన్‌లో రెండు మూకుళ్ళు, ఇడ్లీ పాత్ర, అట్ల పెనం, ఎప్పుడో పోగొట్టుకున్నామనుకున్న జంతికల గొట్టం దొరికాయి. అవన్నీ తీసి, తుడిచి, వెలిగించి చూస్తే భేషుగ్గా పనిచేసింది. పన్నెండేళ్ళుగా మా వంటింట్లో ఉండి ఒక్కరోజు పని చేయని వస్తువు అదొక్కటే.

మొదటిరోజు చేసినవి ఉడికిన ఉల్లిపాయకు తడి గుడ్డ చుట్టినట్టు వచ్చాయి. రెండోరోజు కింద మాడి, పైన తెల్లగా పచ్చిగా ఉన్నాయి. అత్తగారు ఒకటి నోట్లో వేసుకుని, “నూనె లేని పకోడీ, నీళ్ళు లేని చెరువు” అని పక్కన పెట్టేశారు. మూడోరోజు చేసేముందు మేము కాస్త ఆగి, అసలు నూనె ఏం చేస్తుంది, ఓవెన్ ఏం చేయలేకపోతోంది అని ఆలోచించాము. అది అర్థమయ్యాక వంట కుదిరింది. అందుకే తయారీ కన్నా ముందు ఆ సంగతి.

నూనె చేసే పని

ఉల్లిపాయలో నూటికి 89 పాళ్ళ దాకా నీరే. 180 డిగ్రీల వేడిమీదున్న నూనెలో వేయగానే పైన పిండిలోని నీరు ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. మనం చూసే బుడగలు నూనె మరిగినందువల్ల కాదు, నీరు పారిపోతున్నందువల్ల. పిండి ఎండి గట్టిపడుతుంది, అదే కరకర. ఆవిరి బయటికి తన్నుతున్నంతసేపు నూనె లోపలికి ఎక్కువగా పోలేదు. చిల్లుల గరిటెతో పైకి తీశాక చల్లబడేటప్పుడు లోపలి ఆవిరి నీరై కుంచించుకుపోయి, పైన అంటుకున్న నూనెను లోపలికి లాక్కుంటుంది. నూనె ఎక్కువగా పట్టేది మూకుడులో కాదు, బయటికి తీశాకనే. మన పెద్దవాళ్ళు తీయగానే గట్టిగా విదిలించి జల్లెడలో వేయడం ఊరికే కాదు.

ఓవెన్‌లో ఉన్నది నూనె కాదు, గాలి. 220 డిగ్రీల ఓవెన్‌లో ఒక్క క్షణం చెయ్యి పెట్టి తీస్తే వెచ్చగా తగులుతుంది, అంతే. 180 డిగ్రీల నూనెలో వేలి కొస పడితే బొబ్బే. గాలి వేడిని అంత నెమ్మదిగా అందిస్తుంది. దానితో పైపిండి ఎండేలోపల ఉల్లిలోని నీరు ఊరి పిండిని తడిపేస్తుంది. మా మొదటిరోజు తడిగుడ్డకు కారణం ఇదే. పైగా మాది గ్యాస్ ఓవెన్. గ్యాస్ మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. కరెంటు ఓవెన్‌లో లేని తేమ ఇందులో ఉంటుంది.

కాబట్టి ఓవెన్‌లో చేసేవాళ్ళు గుర్తు పెట్టుకోవలసింది ఒక్కటే. నూనెతో పోటీ పడకూడదు. నీటితో పోరాడాలి. ఉల్లిని ముందే తుడవాలి. చొక్కాను ముందే వేయించి పెట్టుకోవాలి. ట్రేను ముందే కాల్చాలి. ముక్కకూ ముక్కకూ మధ్య ఆవిరి పోవడానికి దారి ఉంచాలి.

కావలసినవి (నలుగురికి)

పెద్ద ఉల్లిపాయలు 2 (సుమారు అరకిలో), మైదా అర కప్పు, మొక్కజొన్న పిండి 2 పెద్ద చెంచాలు, లబన్ 1 కప్పు, శనగపిండి 4 పెద్ద చెంచాలు, బ్రెడ్ పొడి 2 కప్పులు, నూనె 3 పెద్ద చెంచాలు, కారం 1 చెంచా, మిరియాల పొడి అర చెంచా, వాము చిటికెడు, ఉప్పు తగినంత.

బ్రెడ్ పొడి ఏ జమియాలోనైనా దొరుకుతుంది. లేకపోతే ఇంట్లో మిగిలిపోయిన ఖుబూస్‌ను ఎండబెట్టి మిక్సీలో బరకగా తిప్పితే ఇంకా బాగుంటుంది. మెత్తగా పొడి చేస్తే కరకర పోతుంది. లబన్ అంటే మన చిక్కటి మజ్జిగే కదా, ఇక్కడ చవకగా, చిక్కగా, రోజూ తాజాగా దొరికే వస్తువు. మామూలు పద్ధతిలో గుడ్డు వాడతారు. మేము శనగపిండి కలిపిన లబన్ వాడుతున్నాము. గుడ్డు తినని ఇళ్ళవాళ్ళకు కూడా పనికివస్తుంది, రుచిలో పకోడీ జాడ కూడా ఉంటుంది.

చేసే విధానం

ముందుగా ఉల్లిపాయలను చిటికెనవేలు మందాన చక్రాలుగా కోసి, ఒక్కొక్క వలయాన్ని విడదీయాలి. మరీ సన్నవైన లోపలి వలయాలను కూరకు ఉంచుకోవచ్చు. వలయం లోపలి వైపు పల్చని పొర ఒకటి ఉంటుంది, గోటితో లాగితే వచ్చేస్తుంది. దాన్ని తీయకపోతే పిండి జారిపోతుంది. చల్లటి నీళ్ళలో అరగంట నానబెడితే ఘాటు తగ్గుతుంది. తరువాత పొడి గుడ్డ మీద పరిచి, పైన మరో గుడ్డతో అద్ది, తడి లేకుండా చేయాలి. ఈ పనిలో బద్ధకించినవాళ్ళకు మా మొదటిరోజు గతే.

రెండోది, మూకుడులో ఒకటిన్నర చెంచాల నూనె వేసి, బ్రెడ్ పొడిని సన్న సెగ మీద లేత బంగారు రంగు వచ్చేదాకా వేయించాలి. అసలు కిటుకంతా ఇక్కడే. గాలి చేయలేని పనిని మనం ముందే చేసి పెడుతున్నాము. పొడి అప్పటికే కరకరలాడుతోంది, రంగు కూడా వచ్చింది. ఓవెన్ దాన్ని అంటించి, లోపలి ఉల్లిని ఉడికిస్తే చాలు. ఉప్పు, కారం సగం ఈ పొడిలోనే కలపాలి.

మూడోది, ఓవెన్‌ను 220 డిగ్రీల మీద ఇరవై నిమిషాలు ముందుగా వెలిగించి, ఖాళీ ట్రేను అందులోనే ఉంచాలి. గ్యాస్ ఓవెన్ల మీది అంకెలను పూర్తిగా నమ్మకూడదు. ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటరు కొనుక్కుంటే మంచిది. మాది 220 అని చూపిస్తూ 190 దగ్గరే ఉండేదని అది కొన్నాకనే తెలిసింది.

నాలుగోది, మైదా, మొక్కజొన్న పిండి, కొంచెం ఉప్పు ఒక పళ్ళెంలో కలపాలి. లబన్‌లో శనగపిండి, మిగతా కారం, మిరియాలు, వాము వేసి అట్ల పిండిలా జారుగా గిలకొట్టాలి. ఒక చేత్తో వలయాన్ని పొడి పిండిలో దొర్లించి, లబన్‌లో ముంచి, కారిపోయేదంతా కారనిచ్చి, రెండో చేత్తో బ్రెడ్ పొడిలో వేసి అద్దాలి. రెండు పనులకూ ఒకే చెయ్యి వాడితే ఉల్లి కన్నా ముందు మన వేళ్ళకు చొక్కా పడుతుంది.

అయిదోది, కాలిన ట్రేను జాగ్రత్తగా మందపాటి గుడ్డతో బయటికి తీసి, మిగిలిన ఒకటిన్నర చెంచాల నూనె పూసి, వలయాలను ఒకదానికొకటి తగలకుండా పరవాలి. వేయగానే చుయ్‌మనాలి. చప్పుడు రాకపోతే ట్రే ఇంకా కాలలేదన్నమాట. ఎనిమిది నిమిషాలకు తిరగేసి, ఆవిరి పోయేలా తలుపు ఒక్క క్షణం తెరిచి మూసి, మరో ఏడెనిమిది నిమిషాలు ఉంచాలి. ఒకే ట్రేలో అన్నీ ఇరికించకుండా రెండు వాయిలుగా చేసుకోవాలి. బయటికి తీసినవాటిని పళ్ళెంలో కుప్ప పోయకుండా తీగల జల్లెడ మీద ఉంచాలి. కుప్ప పోస్తే వాటి ఆవిరే వాటిని మెత్తబరుస్తుంది.

తీసిన పది నిమిషాల్లో తినేయాలి. చుట్టాలు బయలుదేరామని ఫోను చేశాక ఓవెన్ వెలిగించి, గుమ్మంలోకి వచ్చాక ట్రే లోపల పెట్టడం మా పద్ధతి. కువైట్ ట్రాఫిక్‌లో ముందుగా చేసి కూర్చుంటే లాభం లేదు.

పకోడీయే కావాలనేవారికి

మా అత్తగారి కోసం ఇది కూడా చేశాము. ఉల్లిపాయలు సన్నగా తరిగి, ఉప్పు చల్లి పది నిమిషాలుంచి, పిండి నీరు తీసేయాలి. అందులో శనగపిండి, దానిలో మూడో వంతు బియ్యప్పిండి, పచ్చిమిర్చి, కరివేపాకు, వాము, కాచిన నూనె 2 చెంచాలు వేసి, నీళ్ళు పోయకుండానే గట్టిగా కలపాలి. కాలిన ట్రే మీద చిన్న చిన్న పలుకులుగా, పల్చగా చిదిపి వేసి, 200 డిగ్రీల మీద ఇరవై, పాతిక నిమిషాలు, మధ్యలో ఒకసారి తిరగేసి ఉంచాలి. ఆపేశాక తలుపు ఓరగా తెరిచి అయిదు నిమిషాలు వదిలేయాలి. మెత్తని పకోడీ ఓవెన్‌లో రాదు. ఆ ఆశ వదులుకోవలసిందే. గట్టి పకోడీ మాత్రం వస్తుంది. అత్తగారు రెండోసారి చెయ్యి చాపారు. నోటితో మాత్రం ఏమీ అనలేదు.

బిర్యానీలోకి వేయించే ఉల్లి కూడా ఇలాగే చేసుకోవచ్చు. సన్నగా చీల్చిన ఉల్లికి కిలోకు 2, 3 చెంచాల నూనె పట్టించి, రెండు ట్రేల్లో పల్చగా పరిచి, 180 డిగ్రీల మీద మధ్యమధ్య కలుపుతూ ఉంటే ముప్పావు గంటకు ఎర్రబడుతుంది. చివరి పది నిమిషాలు మాత్రం దగ్గరే ఉండి చూడాలి. బంగారు రంగు నుంచి బొగ్గు రంగుకు ప్రయాణం రెండు నిమిషాలే.

లెక్క

మావారు అకౌంటెంటు. ఆయనకు లెక్క కావాలి. కాబట్టి ఒకే అరకిలో ఉల్లిని ఒకసారి మూకుడులో, ఒకసారి ఓవెన్‌లో చేసి, నూనెను ముందూ వెనుకా తూచాము. మూకుడులో దాదాపు 100 గ్రాములు తగ్గింది. ఓవెన్‌లో వాడింది మొత్తం 40 గ్రాములు. నూనె ఏదైనా గ్రాముకు 9 కేలరీలు. అంటే నలుగురికి పంచితే, తలకు నూనె ఒక్కదానివల్లే 225 కేలరీలు రావలసినచోట 90 వచ్చాయి. ఇది మా వంటింటి త్రాసు లెక్క. పిండి పలుచన, నూనె వేడి మారితే అంకెలు మారతాయి.

అంతకన్నా పెద్ద లాభం మూకుడులో మిగిలిపోయే నూనె లేకపోవడం. ఒకసారి కాగిన నూనెను సీసాలో పోసి, శుక్రవారం పకోడీలకు, ఆదివారం వంకాయకు, మంగళవారం అప్పడాలకు వాడటం మనలో చాలామందికి అలవాటు. పారబోయడానికి మనసొప్పదు. కాచిన కొద్దీ నూనె విరిగి, చిక్కబడి, చెడు పదార్థాలు పేరుకుంటాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని మన దేశంలో ఆహార భద్రతా సంస్థ 2018 జూలై 1 నుంచి నియమం పెట్టింది. హోటళ్ళకు కొలిచే పరికరాలుంటాయి. మన వంటింట్లో ఎవరు కొలుస్తారు?

మరో మాట. ఏసీ కోసం తలుపులూ కిటికీలూ బిగించుకుని, పిల్లలు కాళ్ళకడ్డం తిరిగే చిన్న వంటగదిలో మరుగుతున్న నూనె ఎప్పుడూ ప్రమాదమే. ఫోను మోగిందని అటు వెళితే ఇటు అంటుకుంటుంది. ఎప్పుడైనా అలా జరిగితే నీళ్ళు మాత్రం పోయకండి. గ్యాస్ ఆపి, మూకుడు మీద మూత బోర్లించండి.

ఉన్నది ఉన్నట్టు

ఓవెన్‌లో చేసింది కాబట్టి ఎన్నైనా తినవచ్చు అనుకోవద్దు. మైదా మైదాయే, ఉప్పు ఉప్పే. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2021లో వేసిన లెక్క ప్రకారం కువైట్‌లో పెద్దవాళ్ళలో నూటికి దాదాపు 25 మందికి మధుమేహం ఉంది. ప్రపంచంలోనే మొదటి వరుసలో ఉన్న దేశాల్లో ఇదొకటి. ఇక్కడ ఉండే మనకు ఆ గాలి తగలదని ఎలా అనుకుంటాము? షుగరున్న ఇళ్ళవాళ్ళు మైదాకు బదులు శనగపిండి, బ్రెడ్ పొడికి బదులు బరక ఓట్స్ వాడవచ్చు. రుచి కొంచెం మారుతుంది, కరకర మారదు.

రంగు విషయం కూడా చెప్పాలి. పిండి వస్తువులు 120 డిగ్రీలు దాటిన వేడిలో ఎర్రబడేటప్పుడు అక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఇది వేయించినా పుడుతుంది, ఓవెన్‌లో పెట్టినా పుడుతుంది. కాబట్టి బంగారు రంగు దగ్గరే ఆపాలి. ముదురు గోధుమరంగు దాకా పోనివ్వకూడదు.

ఎయిర్ ఫ్రయ్యరు ఉన్నవాళ్ళు అందులో చేయవచ్చునా అని అడుగుతారు. నిక్షేపంగా. 2010లో మార్కెట్‌లోకి వచ్చిన ఆ యంత్రం, ఫ్యాను బిగించిన బుల్లి ఓవెనే. గాలిని వేగంగా తిప్పుతుంది కాబట్టి ఇంకా త్వరగా ఎండుతుంది. ఒకసారికి ఆరేడు చక్రాల కన్నా పట్టవు, అంతే తేడా. పదిమంది చుట్టాలొస్తే ఓవెనే మేలు.

ఖర్చు సంగతి చెప్పనక్కరలేదు. 2017 నుంచి మనం అద్దెకుండే ఫ్లాట్లకు కరెంటు యూనిట్‌కు 5 ఫిల్సు. ఎలక్ట్రిక్ ఓవెన్ ముప్పావు గంట వాడినా ఒకటిన్నర యూనిట్ల చిల్లర, ఏడెనిమిది ఫిల్సులు. అయినా చవక కదా అని ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వెలిగించవద్దు. 2024 జూన్‌లో విద్యుత్తు చాలక కువైట్‌లో కూడా గంటా రెండు గంటలు కోత పెట్టిన సంగతి మరిచిపోలేదు కదా. సాయంత్రం చల్లబడ్డాకే ఈ పని.

ఉల్లి ఎంపిక

చక్రాలకు పెద్దవి, గుండ్రనివి, గట్టివి కావాలి. 2023 డిసెంబరు 8 నుంచి 2024 మే 4 దాకా మన దేశం ఉల్లి ఎగుమతిని నిషేధించినప్పుడు, ఇక్కడ మన ఎర్ర ఉల్లికి కటకటలాడి, వేరే దేశాల ఉల్లిపాయలతో సరిపెట్టుకున్నాము. పులుసుకూ, పచ్చడికీ మన ఉల్లికి సాటిరావని అప్పుడు సణుక్కున్నాము. చక్రాలకు మాత్రం ఆ లావుపాటివే బాగా కుదిరాయి. కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి చిన్నది, ఘాటైనది. దాన్ని చక్రాలు కోయబోతే కళ్ళనీళ్ళు తప్ప ఏమీ రావు. దాని చోటు వేరు.

తల్లి చేయని మేలు ఉల్లి చేస్తుందని సామెత. ఉల్లి గుండెజబ్బును నయం చేస్తుందని మేము అనడం లేదు. ఆయన మందులు ఆయన వేసుకుంటూనే ఉన్నారు, గల్ఫ్ రోడ్డు పక్కన సముద్రపు ఒడ్డున సాయంత్రాలు నడుస్తూనే ఉన్నారు. ఈ చక్రాలు కూడా రోజూ కాదు, పదిహేను రోజులకొకసారి, తలకు నాలుగో అయిదో. డాక్టరుగారికి లెక్క చూపించి, సరేననిపించుకున్నాకనే.

మొన్న మార్చిలో ఒక సాయంత్రం సాల్మియాలో నాలుగు చినుకులు పడ్డాయి. పాత నలుగురే మళ్ళీ వచ్చారు. మధ్యలో ఒకటే పెద్ద పళ్ళెం పెట్టాము, ఉల్లి చక్రాలు, పక్కన పుదీనా పచ్చడి. ఆయన కూడా అందులోంచే తీసుకున్నారు. ఎవరూ ఏమీ గమనించలేదు. మా చిన్నది మాత్రం ఆయన చేతిలో చక్రం వంక చూసి, తన పళ్ళెంలోది ఒకటి తీసి ఆయనకు వేసింది. ఆయన లేచి లోపలికి వెళ్ళలేదు.

మన సంఘంలో ఇలా ఒకరి పళ్ళెం వేరుగా ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయని మాకు తెలుసు. ఆ ఇళ్ళవాళ్ళు ఈ శుక్రవారం ఓవెన్‌లోంచి మూకుళ్ళు బయటికి తీసి ఒకసారి చేసి చూడండి. మొదటిసారి మెత్తబడితే నిరాశపడకండి, ఉల్లిని ఇంకా బాగా తుడవండి. మీకు తెలిసిన కిటుకులుంటే రాసి పంపండి, వచ్చే సంచికలో అందరం పంచుకుందాము.